ఇల్లు మనది, తాళపుచెవి ఎవరిది?

2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదిని విశాఖపట్టణ వాసులు రెండు కారణములచే జ్ఞాపకముంచుకొనవలసియున్నది. ఆ దినమున గూగులు సంస్థవారు ఢిల్లీలో సభచేసి, అయిదేండ్లలో సుమారు పదునైదు వందల కోట్ల డాలర్లు వెచ్చించి కృత్రిమ మేధకు వలయు మహాగణనకేంద్రమును విశాఖలో స్థాపింతుమని ప్రకటించిరి. సరిగా ఆ దినముననే మైక్రోసాఫ్టు సంస్థవారు, పదేండ్లుగా లోకమంతట నడచుచున్న విండోసు 10 అను వ్యవస్థకు తమ సంరక్షణ ముగిసినదని చెప్పి చేతులు దులుపుకొనిరి. మొదటి వార్తకు మేళతాళములు మ్రోగినవి. రెండవ వార్త మాత్రము గాజువాక మొదలు మధురవాడ వరకు ఎన్నో ఇండ్లలో కంప్యూటరు తెరపై ఒక చిన్న చీటీగా వచ్చి పోయినది.

విదేశీ మహాసంస్థల మహాయంత్రములకు మన సముద్రతీరమున స్థలమును, నీటిని, విద్యుత్తును సమకూర్చుటకు తొందరపడు నాయకులు, మన యింటిలో మన సొమ్ముతో కొనిన చిన్న యంత్రముపై మనకు అధికారమున్నదా లేదా యని ఒక్కనాడైన అడిగిరా? అడుగలేదు. కావున మేము అడుగుచున్నాము.

సంగతి తెలియని పాఠకుల కొరకు రెండు మాటలు. కంప్యూటరు కొనినంత మాత్రమున అది పని చేయదు. దానిలోని సమస్త భాగములను ఆడించుచు, మన ఆజ్ఞలను దానికి తెలియజేయు మూలవ్యవస్థ యొకటి కావలెను. దానినే ఆపరేటింగు సిస్టము అందురు. మనుష్యులు వ్రాసినది గావున దానిలో దోషములుండును. ఆ దోషములను సవరించుటకై సంస్థవారు మాటిమాటికి పంపు దిద్దుబాట్లే అప్‌డేట్లు. పూర్వము ఈ దిద్దుబాట్లను ఎప్పుడు పెట్టుకొనవలెనో, అసలు పెట్టుకొనవలెనో వలదో యజమానియే నిర్ణయించుకొనెడివాడు. 2015 జులై 29న విండోసు 10 వెలువడినప్పటినుండి, ఇంటివాడుకకు అమ్ముడగు హోమ్ అను ప్రతిని కొనినవారికి ఆ స్వాతంత్ర్యము తొలగింపబడినది. అప్‌డేటు తనంతట తాను దిగును, తనంతట తాను ఎక్కును, కడకు యంత్రమును తనంతట తాను ఆర్పి వెలిగించును.

చిత్రమేమన, ఆ స్వాతంత్ర్యము లోకమునుండి మాయము కాలేదు. ప్రో అను పేర హెచ్చు వెలకు అమ్ము ప్రతిలో అది పదిలముగానే యున్నది. కచేరీలకును కంపెనీలకును అప్‌డేట్లను నెలల తరబడి నిలిపి, ముందు కొన్ని యంత్రములపై పరీక్షించి, పిమ్మట తక్కినవానికి ఎక్కించుకొను సౌకర్యము కలదు. ఇంటివారికి లేదు. అనగా ధనికుని యంత్రమునకు ముందు పరీక్ష, సామాన్యుని యంత్రముపైననే పరీక్ష. ఇది యంత్రశాస్త్ర నియమమా? కాదు, కేవలము వర్తకనీతి.

దీనివలన కలుగు బాధలు మన పట్టణమున ఎవరికి తెలియవు? పన్నుల పత్రము దాఖలు చేయుటకు గడువు ముగియు రాత్రి గాజువాక వర్తకుడు లెక్కల ముందు కూర్చుండును. తెర నీలమైపోయి, యంత్రమును ఆర్పవలదనియు, నూటికి ముప్పది వంతుల పని యైనదనియు అక్షరములు కనబడును. ద్వారకానగరులో గది యద్దెకు తీసికొని పోటీపరీక్షలకు చదువుకొను పల్లెటూరి బాలుడు చరవాణి డేటాను కంప్యూటరునకు కలుపుకొని దరఖాస్తు నింపుచుండును. వానికి దినమునకు దొరకునది ఒకటిన్నర లేక రెండు గిగాబైట్లు. అడుగని అప్‌డేటు వచ్చి ఆ దినవెచ్చమును మ్రింగిపోవును. మీటరు లెక్కన నడుచు సంధానమని యంత్రమునకు ముందుగా చెప్పియుంచినచో చాలవరకు ఆగునట. ఆ మాట మెనూలలో ఎక్కడో దాగియున్నది, వానికి చెప్పినవారెవరు? విశ్రాంతి పొందిన ఉక్కు కర్మాగారపు ఉద్యోగి అమెరికాలోని మనుమరాలితో మాటలాడుటకు తెర తెరచిన, నిన్నటి గుర్తులు నేడు లేవు. అడుగని వార్తలును, ప్రకటనలును తెర మూలను చేరియున్నవి. ఆయన తన మతి తప్పినదేమోయని భయపడును. తప్పినది ఆయన మతి కాదు, అమ్మినవారి మర్యాద.

"పనివేళలు మీరే నిర్ణయించుకొనవచ్చును గదా, అయిదు వారముల వరకు ఆపుకొనవచ్చును గదా" యని సంస్థ పక్షమువారు సమాధానము చెప్పుదురు. ఔను, 2019లో ఇంటి ప్రతివారికిని ముప్పదియైదు దినముల వాయిదా దయచేసిరి. ఆ గడువు తీరిన పిమ్మట అప్‌డేటును స్వీకరించిన గాని మరల వాయిదా దొరకదు. నాలుగేండ్లు గోలపెట్టిన పిదప దొరకిన ఈ వాయిదా, హక్కా, బిచ్చమా? అద్దె ఇంటి యజమానియైనను తలుపు తట్టి, పిలిచి, లోనికి వచ్చును. సొంత ఇంటిలో కాపురమున్న మనము మాత్రము, అర్ధరాత్రి తలుపు తట్టకయే లోపలికి వచ్చి సామాను సర్దిపోవు వానికి ముప్పదియైదు దినములు రావలదని మనవి చేసికొనవలెనట!

ఈ సంస్థ ఉద్దేశములను శంకించుటకు కారణములు లేవా? చరిత్రను చూడుడు. విండోసు 10 వెలువడిన మొదటి సంవత్సరమున, పాత విండోసులు వాడువారిని క్రొత్తదానికి మరలించుటకు సంస్థవారు తెరపై ఆహ్వానపు పెట్టె నొకదానిని నిలిపిరి. లోకములోని ప్రతి కంప్యూటరులోను పెట్టె మూలనున్న గుణకారపు గుర్తును నొక్కుట యనగా "నాకు వలదు" అని అర్థము. 2016 మే నెలలో ఆ గుర్తును నొక్కినను, ముందే నిర్ణయించిన వేళకు మార్పు జరిగిపోవునట్లు ఏర్పాటు చేసిరి. వలదన్న చేతినే ఔనన్న సంతకముగా గ్రహించిరన్నమాట. కుంపిణీ కాలపు దస్తావేజులలో వేలిముద్రలు ఎట్లు సంపాదింపబడెనో విని ఎరిగిన జాతికి ఈ విద్య క్రొత్తది కాదు.

అడుగకయే జరిగిన ఈ మార్పువలన తన వ్యాపారపు కంప్యూటరు పాడైనదని కాలిఫోర్నియాలో ప్రయాణ వ్యాపారము చేయు ఒక స్త్రీ న్యాయస్థానమునకు పోయినది. పదివేల డాలర్లు ఆమెకు ఇయ్యవలెనని తీర్పయినది. సంస్థవారు పైకోర్టుకు పోదలచుకొనక 2016లో ఆ సొమ్ము చెల్లించిరి. ఆ సంవత్సరాంతముననే సంస్థలోని విక్రయశాఖ ప్రధానాధికారి క్రిస్ కపోసెల్లా, తాము హద్దు మీరితిమని బహిరంగముగా ఒప్పుకొనెను. దొంగిలింపబడిన వస్తువు తిరిగి రాలేదుగాని దొంగతనమైనదని మాత్రము తేలినది.

2018 అక్టోబరు నెలలో వచ్చిన మరియొక అప్‌డేటు కొందరి యంత్రములలోని వ్రాతపత్రములను, ఛాయాచిత్రములను తుడిచివేసెను. కొద్ది దినములకే దానిని నిలిపి, మరల నవంబరులో సరిచేసి పంపిరి. ఫిర్యాదు చేసినవారు నూటికి ఒక వంతులో నూరవ వంతే యని సంస్థవారు సెలవిచ్చిరి. పదివేలలో ఒక్కడు! సంస్థకు అతడు అంకె. ఆ ఒక్కనికి అవి తల్లి కడపటి చిత్రములు కావచ్చును, కూతురి పెండ్లి చిత్రములు కావచ్చును. పదివేలమందిలో ఒక్కని ఇల్లే కాలినదని చెప్పి నిప్పు పెట్టినవానిని విడిచిపెట్టు న్యాయస్థానము ఏ దేశమందైన ఉన్నదా?

మరియొక ఉదాహరణము. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైకు అను వేరొక సంస్థవారు, దొంగ ప్రోగ్రాములనుండి కంప్యూటర్లను కాపాడు తమ రక్షకవ్యవస్థకు ఒక దిద్దుబాటును లోకమంతటికి ఒక్కమారుగా పంపిరి. దానిలో తప్పున్నది. విండోసుతో నడుచు సుమారు ఎనుబదియైదు లక్షల యంత్రములు నీలితెర వేసి కూలబడినవి. ఇది మైక్రోసాఫ్టువారి అప్‌డేటు కాదు, న్యాయముగా చెప్పవలెను. కాని పాఠము ఒక్కటే. మన దేశమున ఇండిగో సంస్థ సుమారు రెండు వందల విమానములను రద్దుచేసికొనెను. హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చీటీలను చేతితో వ్రాసి ఇచ్చిరి. కాపలాదారుడే కాలు జారి పడిన, కోట తలుపు మూసికొనిపోయినట్లయినది. ఒక్క చోట చేసిన తప్పు ఒక్క ఘడియలో ఖండఖండాంతరములకు ప్రాకుటకు కారణము, పరీక్షించి స్వీకరించు అధికారము వాడుకరుల చేతిలో లేకపోవుటయే.

ఇంతవరకు చదివిన పాఠకుడు, "అట్లయిన అప్‌డేట్లు మానివేయుదము" అని తలంచినచో గొప్ప ప్రమాదమగును. మేము ఆ మాట చెప్పము. 2017 మే 12న వాన్నక్రై అను దోపిడి ప్రోగ్రాము లోకముపై పడి, కంప్యూటర్లలోని పత్రములకు తాళములు వేసి, తాళపుచెవికి వెల అడిగినది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోనే నూరు పైచిలుకు కంప్యూటర్లు దాని వాతబడినవి. ఆ జిల్లాలలో మన విశాఖపట్టణము నొకటి. అది చొరబడిన కన్నమును పూడ్చు దిద్దుబాటు మార్చి 14వ తేదీననే, అనగా రెండు నెలల ముందే వెలువడియుండెను. పెట్టుకొనినవారు బ్రతికిరి, పెట్టుకొననివారు చిక్కిరి. కావున రక్షణకు సంబంధించిన దిద్దుబాటు మందువంటిది. దానిని నిరాకరించుట అవివేకము. తన ఇంటికే కాదు, ఇరుగు పొరుగునకును అపకారము. ఏలన తెగులు పట్టిన యంత్రము తక్కినవానికి అంటించును.

మరి మా ఫిర్యాదేమి? రెండు వస్తువులను ఒకే బస్తాలో పోసి అమ్ముటయే మా ఫిర్యాదు. దోషమును పూడ్చు దిద్దుబాటు ఒకటి. తెర రూపు మార్చుట, క్రొత్త వింతలు చేర్చుట, సంస్థవారి ఇతర సరకులను ముందుకు నెట్టుట, ప్రకటనలు చూపుట మరియొకటి. మొదటిది మన రక్షణకు. రెండవది వారి లాభమునకు. మందు మ్రింగనిదే ప్రాణము నిలువదని భయపెట్టి, మందుతోబాటు తమ దుకాణములోని సరకంతయు మ్రింగించు వైద్యుని ఏమందుము? పైగా ఈ పద్ధతివలన జరుగుచున్న అనర్థమేమన, ఒకటి రెండుసార్లు దెబ్బతిన్న సామాన్యుడు, వీధిలో తెలిసినవానిచే అప్‌డేట్లను సమూలముగా కట్టివేయించుకొనుచున్నాడు. రక్షణకు ఇల్లు తెరచియుంచవలసినవాడు విసుగుతో తలుపునకు మేకులు కొట్టుకొనుచున్నాడు. బలవంతపు మందు మందుపైననే అసహ్యము పుట్టించినది. రేపు మరియొక వాన్నక్రై వచ్చినచో ఆ పాపములో సగము ఎవరిది?

ఈ రెంటిని వేరుచేయుట సాధ్యము కాదని చెప్పువారికి ఐరోపా చట్టమే ప్రత్యుత్తరము. 2024లో ఐరోపా సమాఖ్య సైబరు రక్షణ శాసనమొకటి చేసినది. దాని ముఖ్య విధులు 2027 డిసెంబరు 11 నుండి అమలునకు రావలెనని నిర్ణయించినది. సాంకేతికముగా వీలయిన చోటనెల్ల రక్షణ దిద్దుబాట్లను క్రొత్త సదుపాయములనుండి వేరుచేసి ఇయ్యవలెననియు, స్వయంచాలక దిద్దుబాటును వలదనుటకు సుళువైన మార్గముండవలెననియు, తాత్కాలికముగా వాయిదా వేసికొను వీలుండవలెననియు దానిలో వ్రాసిరి. మేము కోరునది సరిగా ఇదియే. పారిసు పౌరునికి న్యాయమైనది పెందుర్తి పౌరునికి అన్యాయమెట్లగును?

ఈ తారతమ్యము మాటలతో పోలేదు, క్రియలోనే కనబడినది. విండోసు 10కు సంరక్షణ ముగిసినపుడు, 2026 అక్టోబరు 13 వరకు మరి యొక్క యేడు రక్షణ దిద్దుబాట్లు ఇత్తుమని మైక్రోసాఫ్టువారు ప్రకటించిరి. ఎట్లు? ఐరోపా ఆర్థిక మండలములోని ఇంటివారికి ఉచితముగా. అచ్చటి వాడుకరుల సంఘములు పట్టుపట్టినందున. తక్కిన లోకమువారు, మనతో కూడ, ముప్పది డాలర్లు చెల్లింపవలెను, లేదా సంస్థవారి బహుమతి లెక్కలో వేయి పాయింట్లు సంపాదింపవలెను, లేదా తమ యంత్రపు అమరికలను సంస్థవారి దూరపు గిడ్డంగిలో దాచుటకు ఒప్పుకొనవలెను. ఒకే వస్తువు, ఒకే లోపము, ఒకే దిద్దుబాటు. తెల్లవానికి ధర్మము, నల్లవానికి వెల! భారతీయుని ఓర్పునకు ఇది బహుమానము కాబోలు.

ఇక క్రొత్తదైన విండోసు 11కు మారుడని సలహా. 2021 అక్టోబరు 5న వెలువడిన ఆ వ్యవస్థ, రెండవ తరపు టీపీఎం అను రక్షణచిప్పు లేని యంత్రమును, ఇంటెలు ప్రాసెసర్లలో ఎనిమిదవ తరమునకు పూర్వపువానిని ఇంచుమించు అన్నిటిని, తన ఇంటి గడప త్రొక్కనీయదు. 2020, 2021 సంవత్సరములలో కరోనా భయమున పాఠశాలలు మూతపడి చదువు తెరలపైకి వచ్చినపుడు, పుస్తెలు కుదువపెట్టి పిల్లలకు పాత కంప్యూటర్లు కొనిపెట్టిన తల్లులు మన పట్టణమున లేరా? ఆ యంత్రములు నేటికిని నడుచుచున్నవి. మీట నొక్కిన వెలుగుచున్నవి. వానికి జబ్బు లేదు. జబ్బు ఉన్నదని చీటీ వ్రాసి ఇచ్చుచున్నది అమ్మిన వర్తకుడే. నడుచు యంత్రమును చెత్తకుప్పలో వేయించి క్రొత్తది కొనిపించుట యభివృద్ధియా? ఎద్దు ముసలిది కాకమునుపే కబేళాకు తోలు రైతు మన నాట పుట్టలేదు.

ఇది మైక్రోసాఫ్టు ఒక్కరి దోషము కాదని కూడ చెప్పవలెను. 2018లో ఇటలీ దేశపు పోటీ నియంత్రణాధికారులు, అప్‌డేట్లవలన పాత ఫోనులు మందగించినవను ఫిర్యాదులపై ఆపిలు సంస్థకు ఒక కోటి యూరోలు, శాంసంగు సంస్థకు అరకోటి యూరోలు జరిమానా విధించిరి. వర్తకుల జాతి యొకటే. అడుగువాడున్న దేశమున అణగియుందురు, అడుగనివాని దేశమున అధికారము చేయుదురు.

ఇది వేసటకు మాత్రమే సంబంధించిన విషయమైన, సంపాదకీయ మవసరము లేదు. దీని వెనుక స్వరాజ్య ప్రశ్న యున్నది. 2025 జులైలో ఐరోపా సమాఖ్యవారు గుజరాతులోని వాడినారులో నూనె శుద్ధి కర్మాగారము గల నయారా ఎనర్జీ సంస్థపై ఆంక్షలు విధించిరి. రష్యా దేశపు రోస్నెఫ్టు సంస్థకు దానిలో వాటా యుండుట కారణము. కొలది దినములకే మైక్రోసాఫ్టువారు, సొమ్ము ముందుగా పుచ్చుకొనియుండియు, నయారావారి ఉత్తరముల పెట్టెలను, తక్కిన సేవలను నిలిపివేసిరి. కంపెనీవారు ఢిల్లీ ఉన్నత న్యాయస్థానమునకు పోయిరి; పిమ్మట సేవలు మరల వచ్చినవి. భారతదేశములో, భారత చట్టము క్రింద నడుచు కర్మాగారము. దాని మీటలు మాత్రము సముద్రముల కావల! నూనె శుద్ధి కర్మాగారము, మహానౌకాశ్రయము, ఉక్కు కర్మాగారము, తూర్పు నౌకాదళ స్థానము ఒక్కచోట కూడిన విశాఖపట్టణమువారు ఈ వార్తను చదివి నిద్రపోగలిగిరా? మన కనుమతి లేక యంత్రములోనికి దిద్దుబాటు పంపగలిగినవాడు, మన కనుమతి లేకయే దానిని ఆపివేయను గలడు. దయగల చేయియైనను, క్రూరమైన చేయియైనను త్రోవ ఒక్కటే.

విశాఖవారికి ఈ పాఠము క్రొత్తది కాదు. విదేశీ ఓడలలోనే మన సరకు పోవలెనన్న కాలమున సింధియావారు ఇచ్చట నౌకానిర్మాణశాలకు పూనుకొనిరి. 1941లో బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి. 1948 మార్చి 14న నెహ్రూగారి చేతిమీదుగా జలఉష జలప్రవేశము చేసెను. ఉక్కు కొరకు 1966లో టి. అమృతరావుగారు నిరాహారదీక్ష పూనిరి. ఆంధ్ర యువకులు తుపాకిగుండ్లకు రొమ్ములొడ్డిరి. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కని నాడెల్ల మారుమ్రోగినది. ఓడను తెచ్చుకొంటిమి, ఉక్కును తెచ్చుకొంటిమి. ఓడకు చుక్కాని, ఉక్కునకు కొలిమి ఎట్టివో, ఈ కాలపు సమస్త వ్యవహారములకు ఆపరేటింగు సిస్టము అట్టిది. చుక్కాని పరుల చేతనుంచి ఓడ మాదని చెప్పుకొనువాడు యజమాని కాడు, ప్రయాణికుడు.

అయిన మార్గమేమి? విలపించి విడుచుట మా పద్ధతి కాదు. మొదటిది, చట్టము. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద ఫిర్యాదుదారుడు తాను నివసించు చోటనే జిల్లా కమిషను నాశ్రయింపవచ్చును. అమెరికాకు పోనక్కరలేదు, ఢిల్లీకి పోనక్కరలేదు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణాధికార సంస్థవారు, తెరలపై వాడుకరులను మోసపుచ్చు పదమూడు విధముల మాయపద్ధతులను నిషేధించుచు మార్గదర్శకములు వెలువరించిరి. బలవంతముగా ఒక పనిని చేయించుట, మాటిమాటికి విసిగించుట, బొత్తాములను తారుమారు చేసి భ్రమింపజేయుట వానిలో ఉన్నవి. ఆయుధము అరలో ఉన్నది, తీయువాడు కావలెను. మన పట్టణములోని న్యాయవాదులును, వినియోగదారుల సంఘములును ఒక్క మంచి వ్యాజ్యమునైన తెచ్చి, ఐరోపావారికి ఉచితమైనది మాకేల కాదని నిలదీయవలెనని మా మనవి.

రెండవది, ప్రభుత్వము. ప్రజల సొమ్ముతో కంప్యూటర్లు కొనునపుడు, రక్షణ దిద్దుబాటు వేరు, తక్కిన మార్పులు వేరు అను షరతును ఒప్పందములో వ్రాయింపవలెను. కొనువాడు పెద్దవాడైన అమ్మువాడు వినును. కేంద్ర ప్రభుత్వపు సీడాక్‌వారు మూలగ్రంథము బహిరంగమైన లినక్సు ఆధారముగా బాస్ అను భారతీయ వ్యవస్థను తయారుచేసి చాలకాలమైనది. కేరళ రాష్ట్రమున ప్రభుత్వ పాఠశాలలు సుమారు రెండు దశాబ్దములుగా స్వేచ్ఛా సాఫ్టువేరుతోనే నడచుచున్నవి. ఆ బాలురు చదువులో వెనుకబడలేదు. తెలుగునాట స్వేచ్ఛ అను సంస్థవారు తెలుగులో మాటలాడు వ్యవస్థకై పాటుపడిరి. కేరళ చేయగలిగినది ఆంధ్రము ఏల చేయరాదు?

స్వదేశి యనగా విదేశీ వస్తువుపై స్వదేశీ చీటీ అంటించుట కాదు. లినక్సునకును దిద్దుబాట్లు కావలెను, దానిలోను తప్పులుండును. లెక్కల ప్రోగ్రాములు కొన్ని విండోసుమీద తప్ప నడువవు. వర్తకుడు ఒక్కదినమున మారజాలడు. ఇవన్నియు మేమెరుగుదుము. భేద మొక్కటే: అచ్చట దిద్దుబాటు ఏమి చేయునో చూడగోరినవాడు చూడవచ్చును, వలదన్నవాడు ఆపవచ్చును, ఒక సంస్థ విడిచిన వ్యవస్థను మరియొకరు ఎత్తుకొని పోషింపవచ్చును. విండోసు 11 గడప త్రొక్కనీయని పాత యంత్రములలో అనేకము లినక్సుతో ఇంకను కొన్నేండ్లు నడువగలవు. ఖద్దరు ముతకదని వెక్కిరించువారికి సమాధానమేమి? అది మనము వడకినది, చినిగిన మనము కుట్టుకొనగలము.

మూడవది, మనము. ఆంధ్ర సోదరులారా! ఇంటిలోని కంప్యూటరును నేడే ఒక్క గడియ సేపు పరిశీలింపుడు. ముఖ్యమైన పత్రములను, ఛాయాచిత్రములను వేరొక డిస్కులో ప్రతి తీసి దాచుడు. పనివేళలను నిర్ణయించి పెట్టుడు. పరీక్షల వారమున, పన్నుల వారమున ముందుగానే వాయిదా వేయుడు. ఆ పని తీరిన పిదప దిద్దుబాటును మరువక స్వీకరింపుడు. పాత యంత్రమును అమ్ముటకు ముందు, వేరొక వ్యవస్థను దానిపై నడిపి చూడుడు. కళాశాలలలో కంప్యూటరు విద్య చదువు యువకులు ఆదివారమున పఠనాలయమునకు వచ్చి, వీధివారి పాత యంత్రములకు ప్రాణము పోయవచ్చును. ఒకనాడు మన పఠనాలయములలో అక్షరము రానివానికి పత్రిక చదివి వినిపించెడివారు. ఈ సేవయు అట్టిదే.

మహాగణనకేంద్రములు రానిండు. లక్షల కోట్ల పెట్టుబడులు రానిండు. వచ్చినవారిని మర్యాదతో ఆహ్వానింతము. కాని వారు మన ఊర స్థలము కోరునపుడు, మన ఇంట మన స్థలమేమో వారిని అడుగు ధైర్యము మనకుండవలెను. తలుపు తట్టి వచ్చువాడు అతిథి. తట్టక వచ్చువానికి వేరొక పేరున్నది. ఆ పేరును ఉచ్చరించు అలవాటు తప్పిన జాతికి, ఎన్ని నౌకాశ్రయములున్నను, ఎన్ని కర్మాగారములున్నను, తాళపుచెవి తన మొలనుండదు.